డీ డ్రైవ్ ముట్టకుండా: నాన్న కంప్యూటర్‌లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్

మొదటి శనివారం

"ఇది రోజూ ఏదో అడుగుతున్నది, చూడు బిడ్డా" అని నాన్న పిలిచారు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసిందని స్క్రీన్ మీద మెసేజ్. నెలల తరబడి దాన్ని మూసేసి తన పని తాను చేసుకుంటున్నారు. వాట్సాప్, మెయిలు, బ్యాంకు, కరెంటు బిల్లు అన్నీ ఆ కంప్యూటర్‌లోనే. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని సిస్టమ్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతున్నారని తెలిశాక నాకు కాలు నిలవలేదు.

ఆ సీపీయూ 2016లో అసెంబుల్ చేయించింది. ఆరో తరం ఇంటెల్ ఐ3, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 11 ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు కొద్ది మినహాయింపులతో ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. అంటే దారి లేదు. దగ్గరలోని ఒక రిపేరు షాపులో అడిగితే "ఇది పాతదైంది మేడం, కొత్తది తీసుకోండి" అని ఒక్క మాటలో తేల్చేశారు. పాతదే కానీ చెడిపోలేదు. రోజూ పది గంటలు నడుస్తోంది.

కొత్తది కొంటే మాత్రం తీరుతుందా? నాన్నది డీటీపీ పని, అంటే అచ్చుకు పేజీలు కూర్చడం. అదంతా పేజ్‌మేకర్ 7 అనే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ ప్రెస్సుల చుట్టూ పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఒక తరం తెలుగు అచ్చు అంతా ఈ జోడీ మీదే నడిచింది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కవిత్వ సంకలనాలు, కుల సంఘాల సావనీర్లు, కాలేజీ మ్యాగజైన్లు. నాన్న దగ్గర 2003 నుంచి చేసిన పనంతా డీ డ్రైవ్‌లో ఏడాదికో ఫోల్డరుగా ఉంది. ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, మా పెద్దోడి పెళ్లి కార్డు చేసినవు కద, అసొంటిదే చిన్నోడికి" అంటే రెండు నిమిషాల్లో తీసి ముందు పెడతారు.

ఆ ఫాంట్ల కీలకం ఇది. లోపల ఫైలులో ఉండేవి ఇంగ్లిషు అక్షరాల కోడ్లే. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఇంకో ముక్క. ఫాంటు తీసేస్తే మిగిలేది ఇంగ్లిషు అక్షరాల కుప్ప. కాబట్టి విండోస్ తీసేసే ప్రశ్నే లేదు, అది ఉండాలి. ఇంటర్నెట్ పనులు మాత్రం దాంట్లో చేయకూడదు. రాత్రి పడుకునే ముందు నిర్ణయం అయిపోయింది: విండోస్‌కు నెట్ కోసేసి పేజ్‌మేకర్ కోసం ఉంచడం, పక్కనే లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టి నెట్ పనులన్నీ అందులోకి తరలించడం.

నాన్న అంతా విని ఒకే షరతు పెట్టారు. "ఏమన్న చెయ్యి. డీ డ్రైవ్ ముట్టకు."

ఆదివారం

మామూలుగా అయితే ఉన్న డిస్క్‌నే కొంత కుదించి, ఖాళీ అయిన చోట లినక్స్ పెడతారు. నేనూ మొదట అదే అనుకుని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. సీ డ్రైవ్‌లో వంద జీబీ పైనే ఖాళీ ఉన్నా కుదించడానికి 9 జీబీ మాత్రమే ఇస్తానంది. కదపడానికి వీల్లేని ఫైళ్లు డ్రైవ్ నడిమధ్యన కూర్చుంటాయి: పేజ్‌ఫైలు, హైబర్నేషన్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు. అవి ఎక్కడుంటే అక్కడికే హద్దు. వాటిని ఒక్కొక్కటే ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ కుదించి చూడొచ్చు. డీ డ్రైవ్‌లోనైతే సులువుగా జరిగేది, కానీ ఆ మాట ఎత్తను. పదేళ్ల హార్డ్ డిస్క్ మీద గంటల తరబడి డేటా జరపడం నాకూ ఇష్టం లేదు. విడిగా ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం చిన్న డిస్క్ కొని దాంట్లో లినక్స్ పెడితే పాత డిస్క్‌లో ఒక్క బైటు కూడా కదలదు. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు నేను చెప్పేదీ ఇదే. పార్టిషన్ కుదింపు లాప్‌టాప్ వాళ్లకు తప్పదు, మనకెందుకు?

ఏది చేసినా ముందు బ్యాకప్. ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి డీ డ్రైవ్ మొత్తం కాపీకి వేశాను, 180 జీబీ చిల్లర. నలభై శాతం అయ్యేసరికి వాన మొదలైంది. రాంనగర్‌లో గట్టి వాన పడితే కరెంటు సంగతి తెలిసిందే. టప్పున పోయింది. యూపీఎస్ ఒక్క కూత కూసి అదీ ఆగిపోయింది. కాపీ సగంలో తెగింది. పాత డిస్క్‌కు ఏమీ కాలేదు కానీ ఆ చీకట్లో నాన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

యూపీఎస్ విప్పితే లోపల బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉంది. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్. రెండు స్పేడ్ పిన్నులు పీకి పెట్టడమే, ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. మర్నాడు కొత్తది తెచ్చి వేశాను. ఒక రాత్రంతా చార్జింగ్ పెట్టి, మంగళవారం కావాలని ప్లగ్ పీకి చూస్తే పన్నెండు నిమిషాలు నిలబడింది. అప్పుడు కాపీ మళ్లీ మొదటి నుంచి.

కాపీ అయ్యాక ఫైళ్ల లెక్క, మొత్తం సైజు రెండు వైపులా సరిచూశాను. అంతటితో నమ్మలేదు. నాన్నను కూర్చోబెట్టి బ్యాకప్ డిస్క్ నుంచే ఏడాదికి ఒక ఫైలు తెరిపించాను. 2003 నుంచి ఇప్పటిదాకా, ఆయనకు తోచినవి. ఒక 2009 సావనీరు తెరుచుకోగానే "ఈయన పోయిండు పాపం" అని అందులో ఫొటో చూసి కాసేపు ఆగారు. అన్నీ తెరుచుకున్నాయి. ఫాంట్ల ఫోల్డరు విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి, సెటప్ సీడీల ఇమేజీలు ఇంకోదాంట్లోకి వెళ్లాయి. ఫాంట్లు పోతే ఫైళ్లున్నా లేనట్టే కాబట్టి ఈ రెండూ బీరువాలో పెట్టాం.

బుధవారం రాత్రి

లినక్స్‌లో రకాలు చాలా. వాటిలో ఏది అన్న ప్రశ్న మీద నేను ఎక్కువ ఊగిసలాడలేదు. లినక్స్ మింట్ 22, సినమన్ ఎడిషన్. కింద ఎడమ మూల మెనూ, పట్టీ మీద తెరిచిన కిటికీలు, కుడి మూల గడియారం. నాన్నకు కళ్లు వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఉబుంటు 24.04 అనే ఇంకో లినక్స్ మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుందని వాళ్లే చెబుతారు, మన దగ్గర దానికి రెండింతలుంది.

మొత్తం సిస్టమ్‌ను ఒకే మూటగా ఇచ్చే ఐఎస్ఓ ఫైలు సుమారు 3 జీబీ. దింపాక షా-256, అంటే ఆ ఫైలు వేలిముద్ర లాంటిది, సరిచూడటం మాత్రం మానొద్దు. 64 అక్షరాల వరస వస్తుంది. వెబ్‌సైట్‌లో ఇచ్చినదానితో మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది పోల్చి చూస్తే దింపుడులో పాడైందో లేదో తెలిసిపోతుంది. తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రాయడం.

నాన్న పక్కన కూర్చుని "ఇది ఎవరిది?" అని అడిగారు. ఏ కంపెనీదని ఆయన అర్థం. 1991లో ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడని, తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది చేయి వేశారని చెప్పాను. "తొంభై ఒకటిలనా? అప్పుడు నేను చిక్కడపల్లిల కేసు ముందట నిలవడి టైపులు ఏరుతున్న" అన్నారు. కేసు అంటే సీసపు అక్షరాల అరల పెట్టె. ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కుడి చేత్తో అక్షరం వెనక అక్షరం, అద్దంలో బొమ్మలా తిరగేసి. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కో కోడ్ ఇచ్చే యూనికోడ్ మొదటి వెర్షన్ కూడా 1991లోనే వచ్చిందని, అందులో తెలుగు ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన సీసపు అక్షరాలు పేర్చుతున్న ఏడాదే ఎక్కడో తెలుగుకు 128 గడుల పెట్టె ఒకటి తయారైంది. ఆ మాట చెబితే నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. "మాకు చెప్పినోళ్లు లేరు" అన్నారు చివరికి.

రెండో శనివారం

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మెట్రో ఎక్కి జేబీఎస్ పరేడ్ గ్రౌండ్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో పార్క్‌లేన్. చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ. మెట్ల మీద కేబుళ్ల కట్టలు, అద్దాల వెనక మదర్‌బోర్డులు, ఎటు చూసినా "ఏం కావాలి అన్నా, ఏం కావాలి అక్కా". 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, ఒక సాటా డేటా కేబుల్, పాత నాలుగు పిన్నుల పవర్ వైరును సాటాగా మార్చే చిన్న కనెక్టర్. ఈ కనెక్టర్ లేకపోతే డీవీడీ డ్రైవ్ వైరు పీకాల్సి వచ్చేది. నాన్న పాత సీడీలు ఇంకా చదవాలి కాబట్టి అది కుదరదు. కొనే ముందు సీపీయూ తెరిచి ఖాళీ పోర్టు, ఖాళీ వైరు ఉన్నాయో లేదో చూసుకుని ఫొటో తీసుకెళ్లడం మంచిదైంది. షాపతను ఫొటో చూసి వెంటనే ఇచ్చాడు.

ఇంటికొచ్చి విండోస్‌లో ముందుగా ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా పడుకోదు, కునుకు తీస్తుంది. ఆ స్థితిలో ఉన్న డ్రైవ్‌లో వేరే సిస్టమ్ ఏదైనా రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం. తర్వాత పూర్తిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, సైడు ప్యానెల్ తీసి, పాత హార్డ్ డిస్క్ డేటా కేబుల్ ఊడదీశాను. ఈ ఒక్క పని వల్ల ఇన్‌స్టాలర్‌లో ఏ బటన్ తప్పు నొక్కినా నాన్న డిస్క్‌కు ఏమీ కాదు. కనబడనిదాన్ని ఎవరూ చెరపలేరు. ఊడదీసిన కేబుల్‌ను నాన్నకు చూపించాను. అప్పటిదాకా మంచం అంచున కూర్చున్నవారు లేచి టీ పెట్టమని అమ్మకు చెప్పారు.

ఎస్‌ఎస్‌డీ బిగించి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఇరవై నిమిషాల్లో మింట్ ఎక్కేసింది. 240 జీబీ అని రాసున్నది 223 చిల్లరగా కనబడుతుంది, అది లెక్క తేడా మాత్రమే. 60 జీబీ సిస్టమ్‌కు, 20 జీబీ ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో విడిగా, మిగిలింది హోమ్‌కు. ఆ 20 జీబీ ఎందుకంటే రెండు సిస్టమ్‌లూ చదవగలిగి, రాయగలిగే చోటు ఒకటి ఉండాలి. దానికి "గుమ్మం" అని పేరు పెట్టాను. బయటి నుంచి వచ్చేదీ, బయటికి పోయేదీ అక్కడే ఆగాలి.

పాత డిస్క్ కేబుల్ తిరిగి పెట్టి, మింట్‌లోకి వచ్చి, ఏ సిస్టమ్‌ను లేపాలో అడిగే బూట్ మెనూను తాజా చేసే కమాండ్ ఇచ్చాను. విండోస్ రాలేదు. మళ్లీ ఇచ్చాను. లేదు. డీ డ్రైవ్ మింట్‌లో కనబడుతోంది, ఫైళ్లన్నీ ఉన్నాయి, కానీ మెనూలో విండోస్ పేరు లేదు. నాన్న పక్క గదిలో ఉన్నారు. మదర్‌బోర్డు బూట్ మెనూ తెరిచి పాత డిస్క్ ఎంచుకుంటే విండోస్ మామూలుగా లేచింది. ఊపిరి పీల్చుకున్నాను. అది బతికే ఉంది, మెనూకే అందడం లేదు. ఎందుకో తెలియడానికి రాత్రి ఒంటిగంట అయింది.

ఆదివారం తెల్లవారి

విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ (కంప్యూటర్ లేచే పద్ధతి) దగ్గర "లెగసీ" అని ఉంది. 2016లో అసెంబుల్ చేసినతను పాత పద్ధతిలో ఎక్కించాడన్నమాట. నిన్న నేను పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినప్పుడు మెనూలో ఆ పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనబడింది. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ (లేచే కొత్త పద్ధతి) అని ఉంది, ఇంకోదాని ముందు లేదు. కొత్తదే మంచిదనుకుని మొదటిది నొక్కాను. యూఈఎఫ్ఐ పద్ధతిలో లేచిన లినక్స్ బూట్ మెనూ, లెగసీ పద్ధతిలో ఉన్న విండోస్‌ను లేపలేదు. అందుకే దాన్ని జాబితాలోకే తీసుకోలేదు. రెండూ ఒకే పద్ధతిలో ఉండాలి. ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందే ఇది చూసుకోవాల్సింది. ఈ పని చేయబోయేవాళ్లు అన్నిటికన్నా ముందు ఆ ఒక్క లైను చదవండి.

ఇప్పుడు రెండు దారులు. విండోస్‌లోనే ఒక పనిముట్టు ఉంది, ఎంబీఆర్ అనే పాత పట్టిక ఉన్న డిస్క్‌ను డేటా పోకుండా జీపీటీ అనే కొత్త పట్టికకు మారుస్తుంది. తర్వాత బయోస్‌లో యూఈఎఫ్ఐకి మారితే చాలు. మూడు ప్రైమరీ పార్టిషన్లకు మించకూడదన్న షరతుకు మన డిస్క్ సరిపోతుంది కూడా. చాలామంది ఇదే చేస్తారు, బాగానే పనిచేస్తుంది. కానీ అది పాత డిస్క్ పార్టిషన్ పట్టికను తిరగరాయడం. డీ డ్రైవ్ ముట్టనన్న మాటకు పట్టిక మార్చడం కూడా వర్తిస్తుందా అని వాదించుకోవచ్చు. నేను వాదించదలచుకోలేదు. ఎస్‌ఎస్‌డీ నిన్న వచ్చింది, అందులో పోయేదేమీ లేదు. ఇరవై ఏళ్ల పనిని కదిలించడం కన్నా ఇరవై నిమిషాల పనిని మళ్లీ చేయడం నయం.

మళ్లీ కేబుల్ ఊడదీసి, ఈసారి యూఈఎఫ్ఐ లేని పేరు నొక్కి, ఎస్‌ఎస్‌డీ మొత్తం చెరిపి, లెగసీలో మింట్ ఎక్కించాను. కేబుల్ పెట్టి, బయోస్‌లో ఎస్‌ఎస్‌డీని మొదటి వరసలోకి తెచ్చి, మింట్‌లో అదే కమాండ్. ఒక్క క్షణం ఆగి, విండోస్ 10 దొరికిందన్న లైను పడింది. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర మీద రెండు పేర్లు, పైన మింట్, కింద విండోస్. ఏదీ నొక్కకపోతే 10 సెకండ్లలో మింట్‌లోకి పోతుంది. నాన్న కళ్లద్దాలు వెతుక్కునే లోపు అయిపోతుందని దాన్ని 30 చేశాను.

వైఫై డాంగిల్‌ను మింట్ వెంటనే గుర్తుపట్టలేదు. ఫోన్‌ను వైరుతో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది, దాంతో డ్రైవర్ దింపుకున్నాను. ప్రింటర్ ఏ పేచీ లేకుండా దానంతటదే వచ్చేసింది. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్లన్నీ డిజేబుల్ చేశాను. డీ డ్రైవ్‌ను మింట్‌లో చదవడానికి మాత్రమే తెరుచుకునేలా పెట్టాను. అక్కడ నుంచి తీసుకోవచ్చు, అందులో ఏమీ రాయలేరు, పొరపాటున డిలీట్ కొట్టినా పోదు.

మంగళవారం

నాన్న ఫోన్. "బిడ్డా, నేను మధ్యాహ్నం రెండింటికి పండుకున్న కద. మరి ఈ ఫైలు రెండు దాటినంక ఎవరు సేవ్ చేసిన్రు?"

అప్పుడు సాయంత్రం ఏడు నలభై అయింది. విండోస్ గడియారం 2:10 చూపిస్తోంది. సరిగ్గా ఐదున్నర గంటలు తక్కువ. తేడా ఆ అంకె కాగానే సంగతి బోధపడింది, అది మన సమయానికీ గ్రీనిచ్ సమయానికీ ఉన్న దూరం. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీతో నడిచే గడియారం ఒకటుంటుంది. అందులో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది. గ్రీనిచ్ సమయమని లినక్స్ అనుకుని దానికి ఐదున్నర కలిపి చూపిస్తుంది, మూసేటప్పుడు గ్రీనిచ్ సమయమే అందులో రాసిపెడుతుంది. తర్వాత విండోస్ లేచి ఆ అంకెను ఉన్నదున్నట్టు చదువుతుంది. నెట్ ఉంటే కాసేపటికి తనే సరిచేసుకునేది. నెట్ కోసింది నేనే కాబట్టి అలాగే ఉండిపోయింది.

మింట్‌లో ఒక్క కమాండుతో గడియారాన్ని స్థానిక సమయంగా చదవమని చెప్పొచ్చు. అలా చేయడం మంచిది కాదని అది హెచ్చరిస్తుంది కూడా. ఏడాదికి రెండుసార్లు గడియారాలు మార్చుకునే దేశాల్లో ఆ హెచ్చరికకు అర్థం ఉంది. మనకు ఆ బెడద లేదు, ఎండాకాలం చలికాలం ఒకే సమయం. చెప్పేశాను. విండోస్‌లో టైమ్ ఒకసారి చేత్తో సరిదిద్దాం. ఆ తర్వాత తేడా రాలేదు. నాన్నకు ఫైలు తేదీ, సమయం మామూలు విషయాలు కావు. ఏ ప్రూఫ్ ముందుది, ఏది తర్వాతిది అని ఆయన చూసుకునేది వాటితోనే.

మూడో శనివారం

నాన్న ఇన్నాళ్లూ కొట్టింది ఆపిల్ అనే కీబోర్డు లేఅవుట్, అంటే ఏ బటన్‌కు ఏ అక్షరమో చెప్పే అమరిక. అను ఫాంట్లతో పనిచేసిన డీటీపీ వాళ్లలో చాలామందికి చేతిలో ఉన్నది అదే. యూనికోడ్‌కు మారాలంటే ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే లేఅవుట్ కొత్తగా నేర్చుకోవాలేమో, ఈ వయసులో ఎలా అని నేను లోపల మథనపడుతున్నాను. మింట్‌లో వేరే భాషలు కొట్టడానికి ఐబస్ అనే పనిముట్టు, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ చేర్చి తెలుగు కింద చూస్తే జాబితా వచ్చింది: ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, పోతన, ఆర్టీఎస్. ఆపిల్ అన్న పేరు చూసి నాన్నను కేకేశాను.

ఆయన కీబోర్డులో సగం అక్షరాలు అరిగిపోయాయి. ఏ బటన్ మీద ఏముందో ఆయన చూసుకోరు. కూర్చుని, రెండు చేతులూ పెట్టి, పెళ్లి పత్రిక నెత్తి మీద వేసే మూడు మాటలు కొట్టబోయారు. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయారు. పాత ఫాంట్లలో శ్రీ మొత్తం ఒక రూపం, ఒక చోట ఉండేది. ఇక్కడ శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, నాలుగు కోడ్లు వరసగా పడితే అవి కలిసి శ్రీ అవుతుంది. శ కొట్టారు. పొల్లు పెట్టగానే తెర మీద శ్ అని వచ్చింది. "తప్పు పడ్డది" అని చెరపబోతుంటే "ఉండు నాన్నా, ఇంకోటి కొట్టు" అన్నాను. ర కొట్టారు. పొల్లు మాయమై, శకు క్రావడి తనంతట తాను వచ్చి కూర్చుంది. నాన్న వేలు బటన్ మీదే ఉంచి తెరకు దగ్గరగా వంగారు. చెరిపి మళ్లీ కొట్టారు. మూడోసారి కూడా.

"ముక్కలు పేర్చే పని లేదన్నమాట" అన్నారు. "మనం ఎట్ల పలుకుతమో అట్ల కొడితే అదే పేర్చుకుంటది."

వత్తుల దగ్గర చెయ్యి తడబడింది, కొన్ని బటన్లు ఆయనకు అలవాటైన చోట లేవు. ఒక కాగితం మీద తేడాలు రాసి మానిటర్‌కు అతికించాం. గంటలో ఒక పూర్తి పత్రిక మ్యాటర్ కొట్టేశారు. మండలి, రామభద్ర, సూరన్న ఫాంట్లు దింపి చూపించాను. రామభద్ర లావు అక్షరాలు హెడ్డింగులకు పనికొస్తాయని, బాడీకి మండలి నయమని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు. ఆ విషయంలో నేను మాట్లాడను, ఆయన కన్ను నాకు లేదు.

ఒక పరీక్ష కూడా చేశాం. పాత పేజ్‌మేకర్ ఫైలు ఒకటి మింట్‌లో లిబ్రెఆఫీస్ డ్రాలో తెరిస్తే పెట్టెలు, గీతలు దాదాపు సరైన చోట్లే వచ్చాయి. అక్షరాల చోట మాత్రం ఇంగ్లిషు గుర్తులు. కాబట్టి పాత ఫైళ్లను విండోస్‌లోనే తెరిచి పీడీఎఫ్ చేసి "గుమ్మం"లో పెడితే, ఏ కంప్యూటర్‌లోనైనా ఎప్పటికైనా కనబడతాయి. అచ్చు రూపం అలా దక్కుతుంది. కానీ అందులో పేరు వెతకలేం, ఎందుకంటే లోపల ఉన్నది తెలుగు కాదు. యూనికోడ్‌లో కొట్టిన ఆ కొత్త పత్రికలో వరుడి పేరు వెతికితే క్షణంలో దొరికింది. నాన్న ఇంకో పేరు కొట్టమన్నారు, ఇంకోటి, ఇంకోటి. ఇరవై ఏళ్లుగా ఎవరి పత్రిక ఏ ఫోల్డరులో ఉందో ఆయన తలలోనే పెట్టుకున్నారు.

నిన్నటి వరకు

పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే మింట్ వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్ నాన్న చూసుకుంటారు. కస్టమర్లు పంపేది ఎలాగూ యూనికోడే, ఇదివరకు దాన్ని చూస్తూ మళ్లీ మొత్తం కొట్టేవారు. ఇప్పుడు చిన్న పనులు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు మింట్‌లోనే స్క్రైబస్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో నేరుగా చేస్తున్నారు. రంగుల పెళ్లి పత్రికలు, పాత కస్టమర్లవి మాత్రం పేజ్‌మేకర్‌లోనే. విండోస్‌లో చేసిన ప్రూఫ్ పీడీఎఫ్‌గా "గుమ్మం"లో పెట్టి, మింట్‌లోకి వచ్చి పంపుతారు. రీస్టార్ట్‌కు రెండు నిమిషాలు పడుతుంది, హార్డ్ డిస్క్ మీద విండోస్ లేవడం వల్ల. అది ఆయనకు ఇబ్బందిగా లేదట, ఆలోగా ట్రేసింగ్ పేపరు సర్దుకుంటున్నారు.

సీపీయూ మీద ఒక చీటీ అతికించాను: విండోస్‌లో ఏ డ్రైవ్‌నైనా ఫార్మాట్ చేయాలా అని అడిగితే "వద్దు" నొక్కాలి. లినక్స్ పార్టిషన్‌ను విండోస్ చదవలేదు, ఖాళీదో పాడైనదో అనుకోవచ్చు. నాన్న ఆ చీటీ చూసి, నా రాత బాగోలేదని, అదే మాటను రామభద్రలో కొట్టి ప్రింటు తీసి పాత చీటీ మీద అతికించారు.

2003 ఫోల్డరు పీడీఎఫ్ చేయడం మొదలైంది. రోజుకు పది ఫైళ్లు, రాత్రి భోజనం అయ్యాక. మార్చి నెల దాకా వచ్చారు.